ఎవరూ రాసుకోని బాణాలు

నిన్న మధ్యాహ్నం అనకాపల్లి బెల్లం మార్కెట్లో, మా కొట్టు ముందు లారీ మీద టార్పాలిన్ కడుతున్నారు. కళాసీలు లాగి బిగిస్తుంటే ముడి జారి, తాడు 'ఫట్'మని లారీ తలుపుకి కొట్టుకుంది. నేను లోపల కంప్యూటర్ ముందున్నాను. నాకేమీ తగల్లేదు. అయినా నా ఎడమ మోచెయ్యి దానంతటదే పక్కకి తిరిగింది. ఎదురుగా కూర్చున్న బేరగాడు "ఏటమ్మా, సెయ్యి పట్టేసిందా?" అనడిగాడు. పట్టెయ్యలేదు. పట్టు వదలడం నేర్పిన ఒక మనిషి గుర్తొచ్చారు, అంతే.

ఆవిడ పేరు నూకరత్నం. మా బడిలో డ్రిల్లు మేడం. సముద్రం ఒడ్డున వలలు లాగే ఇంట్లో పుట్టారు. ఈల అవసరం లేని గొంతు. ఆవిడ ఒక్క కేక వేస్తే స్టేషన్లో ఆగిన రైలు కూడా కదులుతుందని మా నమ్మకం. ఎక్కణ్ణుంచో పాత విల్లులు సంపాదించి, బెల్లం వండేవాళ్ళని అడిగి చెరకు పిప్పి తెప్పించి, గోనె బస్తాల్లో దట్టించి మాకు లక్ష్యాలు నిలబెట్టారు. ఆ తీపికి చీమలు బారులు కట్టేవి. మొదట్లో మా బాణాల కంటే చీమలే తిన్నగా వెళ్ళేవి. నాకైతే మేడం మీద గురి కుదిరింది గానీ, బస్తా మీద కుదర్లేదు.

దానికి నా చెయ్యి కూడా ఒక కారణం. చాచితే మోచెయ్యి నిటారుగా ఆగకుండా ఇంకాస్త లోపలికి వంగిపోతుంది. బాణం వదిలిన ప్రతిసారీ వింటి నారి వచ్చి ముంజేతిని చరిచేది. ఒక నారికి ఇంకో నారి మీద అంత పగెందుకో తెలిసేది కాదు. చెయ్యంతా వంకాయ రంగు. మార్కెట్లో కాటా గుమస్తాగా చేసే మా నాన్న అది చూసి, "సదువుకోమని పంపితే దెబ్బలు తినొత్తన్నావేటే?" అన్నారు. ఆ పైన గడువు పెట్టారు. "జిల్లా టీము సెలక్షన్ల దాకా సూత్తాను. నిన్ను తీసుకుంటే సరే. లేదంటే ఆ కర్రముక్క ఒగ్గెయ్యాల."

దాంతో నన్ను భయం పట్టుకుంది. నేను విల్లుని పట్టుకున్నాను, దానికి ఊపిరాడనంత గట్టిగా. చెమటకి జారుతోందని ఒకరోజు నాకొక గొప్ప ఆలోచన తట్టింది. ఇంట్లో మెత్తబడిన బెల్లం ముద్ద తీసుకెళ్ళి, తడిపి, విల్లు పిడికి పూశాను. బెల్లం ఊరి పిల్లకి తప్ప ఇంకెవరికీ రాని తెలివి. అరచెయ్యి అతుక్కుపోయింది. బాణం వదిలేసరికి విల్లు నాతోపాటు పక్కకి తిరిగి, బాణం వెళ్ళి గోడవతల పడింది.

మేడం దగ్గరికొచ్చి నా చెయ్యి వాసన చూశారు.

"ఏటే ఇది? విల్లు పట్టుకున్నావా, అరిసెలొండుతున్నావా?"

"జారిపోతోంది మేడం."

"జారనీ."

"కింద పడిపోద్ది మేడం!"

"పడదు. నువ్వు బిగబడితే ఓపాలి ఎక్కువ బిగుత్తావు, ఓపాలి తక్కువ బిగుత్తావు. ఎటెల్లాలో ఆ బాణానికేటి తెలుత్తాది?"

నా చెయ్యి కడిగించి, తన కాన్వాస్ బూటు లేసు ఊడదీశారు. విల్లు ముందు నుంచి తిప్పి, దాన్ని నా బొటనవేలికీ చూపుడువేలికీ కట్టారు. రెండు వేళ్ళ నడుమ మెత్తటి చోట పిడి ఆనించారు. తక్కిన వేళ్ళు వేలాడెయ్యమన్నారు. "ఇప్పుడు అరసెయ్యి కదపకుండా మోసెయ్యి తిప్పు. బుజం లేపకు. ఊ, ఒగ్గు!" వదిలాను. విల్లు ముందుకి గెంతి లేసుకి వేలాడింది. నారి నన్ను తాకలేదు. ఆనందంతో తిరిగి చూసేసరికి మేడం ఒక బూటు ఈడ్చుకుంటూ ఇంకో పిల్ల దగ్గరికి వెళ్ళిపోతున్నారు.

ఆ తరవాత చాన్నాళ్ళు నన్ను గురి చూడనివ్వలేదు. బస్తాకి బారెడు దూరంలో నిలబెట్టి, కళ్ళు మూసుకుని వెయ్యమనేవారు. "మద్దెలో పడ్డం తరవాత. నిన్నెలా పట్టుకున్నావో ఇయాల అలా పట్టుకో, సాలు" అనేవారు.

సెలక్షన్ల రోజున, నేనింకా బాణం పెట్టకముందే సెలెక్టరు గారు నా మోచెయ్యి చూసి పెదవి విరిచారు. "ఈ అమ్మాయి చెయ్యి వంకరండీ. ఖోఖోలో వెయ్యండి."

"సెయ్యి కాదు సార్, బాణాలు సూడండి" అన్నారు మేడం.

వేశాను. అన్నీ ఒక గుప్పెడు జాగాలో పడ్డాయి. కాకపోతే ఆ గుప్పెడు జాగా కింద ఎడమపక్క నీలం వలయంలో ఉంది. ఆయన నవ్వారు. "ఒక్కటీ మధ్యలో లేదే!"

"అన్నీ ఒక్కసోటే ఉన్నాయి సార్. అంటే తప్పు ఒక్కటే. విల్లుకున్న గురి పిన్ను జరిపితే సరిపోద్ది."

"అక్కర్లేదు, నేను రాసేసుకున్నాను" అని ఆయన తరవాతి పిల్లని పిలిచారు. అందరిదీ అయిపోయాక షామియానా కిందికి భోజనానికి వెళ్ళారు. నేను ముక్కు తుడుచుకుంటూ నారి విప్పబోయాను.

"ఎవులిప్పమన్నారు?" అన్నారు మేడం.

"అయిపోయింది కదా మేడం."

"ఆయన రాసుకోడం అయిపోయింది. నువ్వెయ్యడం అయిపోయిందేటి?" షామియానా వైపు తిరిగి కేకేశారు. "సార్! మా పిల్ల ఇంకోపాలి ఏత్తాది. మీరు రాసుకోవద్దు, తినండి."

"టైం వేస్టండీ!"

"టైం మాదేనండి!"

బాణాలు ఎటు పడ్డాయో అటే పిన్ను జరిపాను, అలా జరిపితేనే అవి మధ్యకొస్తాయి. వేళ్ళు వదిలేశాను. మోచెయ్యి తిప్పాను. ఈల లేదు, పెన్ను లేదు, చప్పట్లు లేవు. ఒకదాని పక్కన ఒకటి నట్టనడిమి పసుపులో దిగాయి. ఆఖరిది మాత్రం ఎరుపులో పడింది. గురి తప్పుతానన్న నా పేరు పూర్తిగా చెడిపోకుండా. మేడం లక్ష్యం దగ్గర కాసేపు నిలబడి చూశారు. బాణాలు తనే పీకి, చీర కొంగుతో తుడిచి నా చేతికిచ్చారు. "రేపు ఆరింటికి రా" అన్నారు.

ఇంటికెళ్ళేసరికి నాన్న గుమ్మంలో ఉన్నారు.

"ఏటయ్యింది?"

"తీసుకోలేదు."

"మరింకేటి? సెప్పేను కదా..."

"రేపు ఆరింటికి ప్రాక్టీసుంది నాన్నా. వెళ్తాను."

అంతకుముందు నాన్నకి ఎదురు చెప్పాలంటే నాకు పిడికిళ్ళు బిగుసుకునేవి, ఆ వెంటనే ఏడుపొచ్చేది. ఆవేళ చేతులు రెండూ వదులుగానే వేలాడుతున్నాయి. నాన్న నా మొహం చూశారు. ఒక్క మచ్చా లేని ముంజెయ్యి చూశారు. తప్పుకుని గుమ్మంలో దారిచ్చారు.

నేను పతకాలేవీ తేలేదు. మేడం పోయి కొన్నేళ్ళయింది. ఇప్పటికీ ఆదివారాలు విల్లు భుజానికేసుకుని బయల్దేరితే, "ఈ వయసులో ఏ పోటీకమ్మా?" అని వీధిలో నవ్వుతారు. ఏ పోటీకీ కాదంటాను. రాసుకునేవాడు భోజనానికి వెళ్ళిపోయాక కూడా వెయ్యవలసినవి కొన్ని ఉంటాయి. అవి వేసి వస్తాను.