సెట్టైపోతుంది

టైలరు నోట్లో ఎప్పుడూ రెండు గుండుసూదులుంటాయి. వాటి సందులోంచి వచ్చే మాట ఒక్కటే. కాలరు బిగుతంటే "సెట్ చేసేద్దామండీ" అంటాడు. మిషను మొరాయిస్తే "ఇప్పుడే సెట్టైపోతుంది" అని దానికే చెబుతాడు. పక్క కొట్టాయన ఇంట్లో పోట్లాడి వచ్చి కూర్చున్నా, "సాయంత్రానికి సెట్టవుతుంది లెండి" అని టీ తెప్పిస్తాడు. ఇంగ్లీషువాళ్లు ఈ మాటను తనకోసమే పుట్టించారని ఆయన గట్టి నమ్మకం.

మొన్న కూతురు ఉద్యోగంలో చేరే రోజు. చొక్కా ఆయనే కుట్టాడు, ఊళ్లోవాళ్లవన్నీ అయ్యాక, హడావిడిగా. తీరా తొడుక్కుంటే చొక్కా కుడిచెయ్యి రెండు వేళ్లంత పొట్టి. ఆయన అలవాటుకొద్దీ నోరు తెరిచేలోపే కూతురు అద్దంలో చూసుకుని, రెండు చేతులూ మోచేతిదాకా మడిచింది.

"సెట్టైపోయింది నాన్నా, వస్తా!"

ఆయన గుమ్మంలోకి వచ్చి చూశాడు. ఎదురుగా బస్టాపులో ఆయన దగ్గర కుట్టించుకునేవాళ్లే నలుగురు నిలబడి ఉన్నారు. కూతురు వెళ్లి వాళ్ల పక్కన నిలబడింది. అందరి చొక్కా చేతులూ మోచేతిదాకా మడిచే ఉన్నాయి.

"ఇన్నాళ్లూ ఇది ఫ్యాషననుకున్నానే!" అంటూ ఆయన తన నెత్తిన తానే మొట్టుకున్నాడు.