ఎవరు ఆపమన్నా ఆపాలి

ఇనుప రేకుల గోదాములో క్రేను నడిపే పెద్దాయనకు పనివాళ్ళు పెట్టిన పేరు 'పైవాడు'. కప్పు కింద వేలాడే గాజు గదిలోకి పొద్దున్నే ఎక్కి కూర్చున్నాడంటే మధ్యాహ్నం దాకా దిగడు మరి! "నీకెందుకురా భయం, పైవాడు చూసుకుంటాడులే" అని కింద ఒకడంటే మిగతావాళ్ళు కిసుక్కున నవ్వేవారు. ఆయనేమో చర్చిలో సంఘపెద్ద, ఆదివారం కుర్రాళ్ళకు వాక్యం చెప్పే మనిషి. "దేవుడితో పరాచికాలా?" అని కసురుకునేవాడు. కసురుకునేవాడే గానీ ఆ పేరు ఆయనకు లోలోపల బాగానే నచ్చింది. అబద్ధమెందుకు!

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. పదకొండేళ్ళలో ఒక్క రేకు కూడా వంగనివ్వలేదు. కింద నిలబడి సైగలు చేసేది సొంత అల్లుడు. అతని బొటనవేలు పైకి లేస్తే బరువు లేచేది, అరచెయ్యి కిందికి తిరిగితే దిగేది. గోడ మీద ఎర్రరంగుతో ఒక నియమం రాసి ఉంది: రెండు చేతులూ పైకెత్తి ఎవరు ఆపమన్నా క్రేను ఆపాలి. ఆ 'ఎవరు' అన్నచోట పెద్దాయన ఎప్పుడూ 'అల్లుడు' అనే చదువుకున్నాడు.

ఆ 'ఎవరు'లో గోదాము ఊడ్చే ఆమె కూడా ఉంటుందని ఆయనకు తట్టనే లేదు. ఆమెను అందరూ గొణుగుడమ్మ అంటారు. నోట్లో నోట్లో ఏదో అనుకుంటూ ఊడుస్తుంది. కుళాయి కారుతోందంటుంది, నిచ్చెన మెట్టు కదులుతోందంటుంది, రోజుకో ఫిర్యాదు. ఆమె నోరు తెరవబోతే చాలు, మనుషులు పని ఉన్నట్టు పక్కకు తప్పుకునేవారు.

ఆ రోజు మూడు టన్నుల రేకుల కట్టను లారీకి ఎక్కించాలి. ముందొకటి, వెనకొకటి పసుపు బెల్టులు చుట్టి కొక్కేనికి తగిలించారు. కట్ట తల ఎత్తున లేచింది. అది ఊగకుండా వెనక కొస మీద చెయ్యి వేసి అల్లుడు పక్కనే నడుస్తున్నాడు. "దూరంగా నడవరా నాయనా" అని మామ చెప్పీ చెప్పీ విసిగిపోయాడు. వింటేగా!

అవతలి గోడవార ఊడుస్తున్న ఆమె ఉన్నట్టుండి చీపురు పారేసి రెండు చేతులూ పైకెత్తింది.

పెద్దాయనకు ఒళ్ళు మండింది. ఏం కావాలట ఈవిడకి, ఇప్పుడే? వాకీటాకీలో సూపర్‌వైజరు "లారీ బయల్దేరాలండీ, కానివ్వండి" అని తొందరపెడుతున్నాడు. ఆయన మీట వదల్లేదు. కట్ట ఇంకో రెండడుగులు జరిగింది. ఆమె చేతులు దించలేదు, కట్టతో పాటే గోడవార నడుస్తోంది. ఏదో అరుస్తోంది కూడా, ఆ మోతలో వినబడి చస్తేనా!

అంతలో ఆయనకు, పొద్దున గాజు గదిలో తలవంచి చేసుకున్న ప్రార్థన గుర్తొచ్చింది. "ప్రభువా, ఇక్కడ పనిచేసే ప్రతి ఒక్కరినీ కాపాడు" అని ఒక్కొక్కరి ముఖమూ తలచుకున్నాడు. అల్లుడు, సూపర్‌వైజరు, లారీ డ్రైవరు, చివరికి వాచ్‌మన్ కూడా వచ్చారు. ఈమె రాలేదు. ఏడేళ్ళుగా రోజూ కళ్ళెదుట తిరిగే మనిషి, ప్రార్థనలోకే రాలేదు! మనిషిని తీసిపారేస్తే ఆ మనిషిని చేసిన దేవుణ్ణి తీసిపారేసినట్టేనని మొన్న ఆదివారం గొంతు చించుకుని చెప్పింది ఎవరు? తనే కదా. సిగ్గు ముంచుకొచ్చింది. ఆమెను నమ్మి కాదు, ఆ సిగ్గు ఓర్చుకోలేక మీట వదిలాడు.

కట్ట గాల్లో ఆగిపోయింది. అల్లుడు తన వైపు నుంచి బెల్టులు తడిమి చూశాడు. "బాగానే ఉన్నాయి మామయ్యా, పోనివ్వండి!" అని వాకీటాకీలో అరిచాడు.

"ఎవరు ఆపమన్నారండీ?" సూపర్‌వైజరు అడిగాడు.

"ఊడ్చే ఆమె."

"ఆమె ఆపమంటే ఆపేయడమేనా? బాగుంది సంబడం!"

ఆమె చేతులు ఇంకా పైనే ఉన్నాయి. పెద్దాయనకు ఏమీ కనబడలేదు గానీ, ఎంతకీ దిగని ఆ చేతులు చూసి అనుమానం వచ్చింది. ఎన్నడూ లేనిది, పైనుంచి కిందికి తనే అల్లుడికి సైగ చేశాడు: తప్పుకో. అల్లుడు కదల్లేదు. కూతురు కళ్ళ ముందు మెదిలింది. హారను మీద చెయ్యి వేసి తీయకుండా నొక్కాడు. "ఈయనకేమైందివాళ" అని విసుక్కుంటూ అల్లుడు చెవులు మూసుకుని పదడుగులు వెనక్కి వెళ్ళాడు.

పెద్దాయన మెల్లగా దించడం మొదలుపెట్టాడు. నడుమెత్తుకు వచ్చేసరికి వెనక బెల్టు ఫట్‌మని తెగింది. ఆ కొస కిందికి కూలి, అల్లుడు ఇందాక నిలబడ్డ చోటికే రేకులన్నీ జారిపడ్డాయి. గోదాము దద్దరిల్లింది.

నిచ్చెన ఎలా దిగాడో ఆయనకే తెలియదు. ముందు అల్లుణ్ణి గట్టిగా కావలించుకున్నాడు. తర్వాత ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"నీకెలా తెలిసిందమ్మా?"

"ఊడ్చేదాన్ని కదయ్యా. నాలుగు రోజులుగా చెత్తలో పసుపు నూలు వస్తోంది. ఇవాళ పైన ఆ బెల్టు నుంచి రాలుతుంటే చూశాను. మొన్న నిచ్చెన దగ్గర మీకు చెప్పాను కదా."

చెప్పింది. "చెత్త సంగతులు నాకెందుకమ్మా, బుట్టలో వెయ్యి" అన్నాడు తను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వితే తనూ నవ్వాడు. ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సూపర్‌వైజరు రిజిస్టరు తెచ్చాడు. "ఆపరేటరు జాగ్రత్త వల్ల ప్రమాదం తప్పిందని రాస్తున్నానండీ."

"కాదు బాబూ. ఆపింది ఆమె. మొన్ననే నాకు చెప్పింది, నేను చెవిన పెట్టలేదు. అదీ రాయండి."

"అది రాస్తే మిమ్మల్ని క్రేను నుంచి దింపేస్తారు!"

"ఊరుకోండి మామయ్యా, ఇప్పుడెవరు అడిగారు?" అన్నాడు అల్లుడు.

"రాయండి" అన్నాడు పెద్దాయన. క్రేను నడపడం తప్ప ఆయనకు ఇంకో పని రాదు.

ఆమెకు ఈ రాతలేమీ పట్టలేదు. "అవన్నీ తర్వాతయ్యా. ఆ మూల వేలాడే బెల్టు కింద కూడా ఇదే నూలు పడుతోంది, రండి" అంటూ ముందు నడిచింది. వెనకే ఆయన వెళ్ళాడు. ఆమె బెల్టు కొస ఎత్తి పట్టుకుంది.

"నిలబడితే కనబడదు, వంగండి."

ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఎక్కడమ్మా, చూపించు" అన్నాడు.