నాయన స్కూటరుకు ఆటో పిడి

మా చిన్నప్పుడు... పొద్దున ఏడున్నరకు నాకో డ్యూటీ ఉండేది. నాయన స్కూటరుకు కిక్కు కొట్టడం.

మాది జమ్మలమడుగు. నాయన ముద్దనూరు దారిలో ఓ పల్లె బడికి పంతులు. పసితనంలో పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. బస్సెక్కేటప్పుడు ఆయన రెండో కాలు పైన పెట్టేలోపే కండక్టరు రైట్ రైట్ అనేవాడు. రెండుసార్లు కింద పడ్డాక ఓ పాత స్కూటరు కొన్నాడు. నడపడం బాగానే వచ్చింది... కానీ కిక్కు కొట్టాలంటే ఎడమకాలి మీద నిలబడాలి కదా. అది ఆయన వల్ల కాదు.

అందుకని ఇంటి దగ్గర నేను... బడి దగ్గర పిల్లలు. నాకప్పుడు పన్నెండేళ్ళు. పావడా ఎగదోపి, బండిని కాస్త పక్కకు వంచి, ఎగిరి తొక్కేదాన్ని. మూడో కిక్కుకే అందుకుందంటే ఆ రోజంతా నా అంత మొనగత్తె లేదు!

ఒంటిపూట బడుల రోజులవి. మా కడప జిల్లా ఎండలు తెలుసుగా... ఒంటిగంటకు ఇంట్లో ఉండాల్సిన నాయన మూడైనా రాలేదు. అమ్మ గడప మీదనుంచి లేవలేదు. చివరికి వచ్చాడు... మొహం కందిపోయి, చొక్కా తడిసి ముద్దయిపోయి. దారిలో బండి ఆగిపోయిందట.

"ఎవురూ రాలేదా ఆ దారిన?" అంది అమ్మ.

"వచ్చినారు. ముగ్గురు నలుగురు పోయినారు బండ్ల మింద."

"పిలిచి ఓ కిక్కు కొట్టమంటే ఏం పోతాది?"

నాయన చెంబెడు నీళ్ళు తాగి నెమ్మదిగా అన్నాడు. "దినామూ ఎవుర్నో ఒకర్ని అడగల్ల. ఈపొద్దు అడగబుద్ధి కాలేదు."

ఆఖరికి గొర్రెలు తోలుకుపోతున్న ఓ పెద్దాయన తనంతట తానే వచ్చి తొక్కాడట. అంతసేపూ మా నాయన ఆ ఎండలో, ఆగిన బండి మీద ఊరికే కూర్చున్నాడు... నాకు ఏడుపు ఆగలేదు. ఆ రాత్రి అన్నం తింటూ, ఇంక బండి అమ్మేసి మళ్ళీ బస్సుకే పోతానన్నాడు.

అమ్మ ఒప్పుకోలేదు. ప్రొద్దుటూరులో నాయనతో కలిసి చదువుకున్న మస్తాన్ మామ ఉండేవాడు, బండ్లు రిపేరు చేసేవాడు. ఆదివారం చర్చిలో ఆరాధన అవగానే నాయనా నేనూ ఆయన షెడ్డుకు పోయాం. బండి పడిపోకుండా దానంతటదే నిలబడితే, నాయన సీటు మీద కూర్చునే కుడికాలితో కిక్కు కొట్టుకోవచ్చని మా ఆలోచన.

"ఇట్లాంటి పని నేనెప్పుడూ చేయలేదప్పా. అయినా చూద్దాం పాండి" అన్నాడు మామ. ఆయనే అట్లా అంటే ఇక మా సంగతేం చెప్పాలి... మేం అంతవరకు స్పానరు పట్టుకుని ఎరగం. పక్కనున్న వెల్డింగు షాపులో ఓ ఇనపరాడ్డు చేయించి, వెనక చక్రానికి అటొకటి ఇటొకటి చిన్న చక్రాలు బిగించాం. నాయన కూడా నేల మీద కూలబడి నట్లు తిప్పాడు. పొద్దు వాలకముందే బండి ఎవరూ పట్టుకోకుండానే నిలబడింది!

"ఇంగ కొట్టు పాపా కిక్కు!" అన్నాడు మామ.

తొక్కాను. టంగుమంది. కిక్కు సగం దిగి, మేం బిగించిన రాడ్డుకు తగిలి ఆగిపోయింది. మళ్ళీ తొక్కాను. మళ్ళీ టంగ్...

ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం.

"భలే చేసినాంలే మస్తానూ! ఇన్నాళ్ళూ నాకొక్కనికే స్టార్టు కాకపోయేది. ఇప్పుడు ఎవురికీ కాదు" అన్నాడు నాయన. కడుపు నొప్పెట్టేదాకా నవ్వాం. కానీ నాయన నవ్వు మాత్రం తొందరగా ఆగిపోయింది. నేను చూశాను.

బండి అక్కడే వదిలేసి షేరాటోలో బయల్దేరాం. కాలు పెట్టే సందు లేదు, నేను డ్రైవరు పక్కన ఇరుక్కున్నాను. అతను కిందికి వంగి, సీటు పక్కనున్న ఓ పిడిని చేత్తో పైకి లాగాడు... గుర్రుమని ఇంజను అందుకుంది. అప్పటి ఆటోలన్నీ అంతే. వందసార్లు చూసిందే... ఆ రోజే కంటికి ఆనింది.

"నాయనా! కాలెందుకు? చేత్తో లాగొచ్చు!" అని అరిచేశాను. ఆటోలో జనమంతా నాకేసి చూశారు.

తర్వాతి ఆదివారానికి మామ ఓ తుక్కు ఆటోలోంచి పిడి పీకి తెచ్చిపెట్టాడు. అడ్డమొచ్చిన కిక్కును పొట్టిగా కోసి, దానికి గట్టి వైరు కట్టి, సీటు పక్కన బిగించిన పిడికి తగిలించాం. మొదటిసారి లాగితే వైరు తెగింది. రెండోసారి పిడే ఊడి నాయన చేతిలోకి వచ్చింది. మూడోసారికి...

సోమవారం పొద్దున అలవాటు కొద్దీ బయటికి వచ్చాను. "నువ్వు ఉండమ్మీ" అన్నాడు నాయన. కూర్చున్నాడు, లాగాడు, వెళ్ళిపోయాడు. సంతోషమే... కానీ నా పని పోయింది కదా! పెరట్లోకి పోయి కాసేపు ఏడ్చాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం నాయన మళ్ళీ ఆలస్యం. ఒంటిగంట దాటింది... రెండు దాటింది... రెండున్నరకు బండి చప్పుడు వినపడగానే అమ్మ ఎదురుపోయింది.

"మళ్ళా ఆగిపోయిందా?"

"ఆగిపోలేదు. నేనే ఆపినా."

మాకు అర్థం కాలేదు.

"మజ్జిగమ్మే ఆమె కాడ ఆపినా. పెన్న బ్రిడ్జి మింద ఆపినా. ఇన్నాళ్ళూ యాడన్నా ఆపితే మళ్ళా ఎవుర్ని అడగల్లో అని, తల తిప్పకుండా ఇంటికొచ్చేవాన్ని."

"పెన్నలో నీళ్ళుండాయా నాయనా?" అన్నాను.

"యాడివి... అంతా ఇసకే. అయినా శానాసేపు చూసినా."

ఇప్పుడు నా బండికి కిక్కే లేదు. బొటనవేలితో నొక్కితే చాలు. రోజూ ఆ బ్రిడ్జి మీదుగానే ఆఫీసుకు పోతాను. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు... ఒక్కరోజు కూడా ఆపలేదు.

మీరు చివరిసారి ఊరికే బండి ఆపి ఏం చూశారు...?