ముందుకు ఒకటే గేరు, ఎనకకు నాలుగు

మొన్న హర్తాళ్ నాడు మలక్‌పేట రోడ్డు మీద, ఊరేగింపు ముంగట, ఎర్ర కారుల నిలవడి మెడల దండ ఏయిచ్చుకున్న ఆడపిల్ల ఎవరని ఊరంత అడుగుతున్నరు గదా! ఆమె లీడరు గాదు, ఏం గాదు. ఆ బండి నడిపిన పాపాత్ముణ్ణి నేనే. చెప్త, జర చాయ్ తాగుకుంట ఇనుండ్రి. నవ్వుడు మాత్రం ఆఖర్ల.

మా ఉస్తాద్ మహబూబ్ భాయ్ షెడ్డు రేసుకోర్సు ఎనక గల్లీల ఉంటది. ఆడ నేను మెకానిక్‌ను. దిల్‌సుఖ్‌నగర్‌ల కొత్తగ ఇల్లు కట్టుకున్న రావుగారు, గుంటూరాయన, ఎవరిదో పాత దేవిడీ బంగ్లల పడి ఉన్న విలాయతి స్పోర్ట్స్ కారు కొన్నరు. రెండే సీట్లు, కప్పు లేదు, మూతి ఇంత పొడుగు. మా దగ్గరికి ఒచ్చిననాడు దాంట్ల కోడి పొదుగుతున్నది! ఆర్నెల్లు తుప్పు గీకినం, ఇంజను ఇప్పి మళ్ల కట్టినం, సీట్లకు తోలు కుట్టిచ్చినం, నేనే ఎర్ర రంగు కొట్టిన. ఎనక ఇరుసు మొత్తం అరిగిపోయింది. "ఒరిజినల్ దొరక్కపోతే అంతకన్నా బలమైనది వెయ్యండి బాబూ," అన్నరు రావుగారు. ఉస్తాద్ ఏదో పెద్దకారు ఇరుసు తెచ్చి మూలకు పెట్టిండు. "నేను బీదర్ పోయొస్త. అప్పటిదాంక దీన్ని ముట్టకు బేటా," అన్నడు.

ముట్టకుంటనే ఉంటుంటి. గని సుగుణ ఉన్నది గదా!

సుగుణ మా సరూర్‌నగర్ చర్చి పక్క గల్లీ పిల్ల. మూడేండ్ల సంది చూస్తున్న. మాట్లాడింది మొత్తం ఏడు మాటలు, అండ్ల నాలుగు "ఆఁ". శనివారం పదకొండింటికి మలక్‌పేట దవాఖానల నర్సు ట్రైనింగు ఇంటర్వ్యూ అని ఆమెకు కాయితం ఒచ్చింది. గదే రోజు హర్తాళ్. బస్సులు బంద్, రిక్షాలు బంద్. "ఈసారి గూడ తప్పితే నర్సు మాట ఎత్తకు, మిషిను కుట్టుకుంట ఇంట్ల కూసో," అన్నడట వాళ్ల నాయిన. నల్లా కాడ ఆమె కండ్లు తుడుసుకుంటుంటే నా నోరు దానంతటదే తెరుసుకున్నది.

"నేను కారు తెస్త."

ఇగ రెండు దినాలు నిద్ర లేదు. ఒక్కన్నే ఇరుసు ఎక్కిచ్చిన, బిగిచ్చిన. జాకీల మీద లేపి ఇంజను స్టార్ట్ చేస్తే చక్రాలు గిర్రున తిరిగినయ్. తిరుగుతున్నయని మురిసిపోయిన గని, ఎటు తిరుగుతున్నయో చూడలే!

శనివారం పొద్దుగాల తల దువ్వుకొని, కొత్త అంగీ తొడిగి, ఫస్ట్ గేరు ఏసిన. బండి రయ్యిన ఎనకకు పోయి ఉస్తాద్ నీళ్ల డ్రమ్ముకు గుద్దింది. పొరపాటున రివర్సు పడ్డదేమో అనుకొని సెకండ్ ఏసిన. ఇంకింత జోరుగ ఎనకకు! డ్రమ్ము పాయె. భయపడుకుంట రివర్సు ఏసిన. గప్పుడు కదిలింది ముందుకు, బర్రె నడిచినట్టు, మూలుక్కుంట.

సమజైంది. ఇరుసు తలకిందులుగ బిగిచ్చిన, గేర్లన్ని ఉల్టా! మళ్ల ఇప్పాల్నంటే పూటంత పడ్తది. గడియారం తొమ్మిదిన్నర.

ఏం జేస్త? మెడ ఎనకకు తిప్పుకొని, మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాంక ఉల్టా పోయిన. సైకిల్ మీద ఒస్తున్న ముసలాయన దిగి, సైకిల్ స్టాండేసి మరీ చూసిండు.

సరూర్‌నగర్ మలుపు కాడ సుగుణ తెల్ల ఓణీల నిలవడ్డది.

"గిదేంది నర్సిమ్మా, ఎనకకొస్తున్నవ్?"

"విలాయతి బండ్లు గిట్లనే ఉంటయ్."

"మరి విలాయతోళ్ల మెడలు ఎట్లుంటయ్?"

పట్టేసిన మెడ రుద్దుకుంట ఆమెను ఎక్కిచ్చుకున్న. ఉన్న ఒక్క ముందు గేరుతోని బండి తిప్పుకొని మళ్ల ఉల్టా షురూ చేసిన. గాలికి ఆమె ఓణీ ఎనకకు ఎగురుతదని, నేను ఓరకంట చూస్తనని ఎన్ని కలలు కన్న! ఎగిరింది. ఎనక నుంచి ఒచ్చి నా మూతికి చుట్టుకున్నది. నాకు రోడ్డు కనబడలే.

కనబడెటాలకు ముంగట వందల మంది. స్టూడెంట్లు, నల్లజెండాలు, "జై తెలంగాణ!" పక్క గల్లీల నుంచి ఊరేగింపు ఒచ్చి మా బండి మూతికి ఎదురుంగ సిటీ దిక్కు నడుస్తున్నది. మేం వాళ్ల మొకాలు చూసుకుంట ఎనకకు పోతున్నం. ఇంకేముంది! మేమే ముందుండి నడిపిస్తున్నమని అనుకున్నరు.

"అన్నా, జర మెల్లగ! జనం ఎనకబడ్తున్నరు!" ఒక గడ్డం స్టూడెంటు బానెట్ మీద చెయ్యేసిండు. "బండి ఎవరిది?"

గుంటూరాయనదని అంటే అద్దాలు మిగుల్తయా? "మ...మనదే అన్నా!"

"అక్క ఎవరు? అక్కా, నాలుగు ముచ్చట్లు చెప్పుండ్రి!" ఎవడో దండ తెచ్చి ఆమె మెడల ఏసిండు.

పదిన్నర దాటింది. గీ నడకకు మధ్యాహ్నం ఐతది. నేను చెమటలు కక్కుతున్న. సుగుణ లేచి సీటు మీద నిలవడ్డది.

"అన్నలారా! మన నౌకరీలు మనకు కావాల్నా, ఒద్దా?"

"కావాలె!"

"నాకు పదకొండింటికి దవాఖానల నౌకరి ఇంటర్వ్యూ ఉన్నది! నన్ను పోనిస్తరా, ఆపుతరా?"

"పో అక్కా, పో!" అని ఒర్లిండు గడ్డం స్టూడెంటు. ఆ తర్వాత చూడాలె! ఊరేగింపు మొత్తం ఉరుకుడు మొదలుపెట్టింది. నేను థర్డ్ గేరేసి ఎనకకు, వాళ్లు ముందుకు. దవాఖాన గేటు కాడ ఇంజను ఉడికి పొగలు కక్కి ఆగిపోయింది. టైము పదకొండుకు రెండు నిమిషాలు తక్కువ. ఆమె దండ తీసి నా ఒడిల పారేసి లోపలికి ఉరికింది.

సెలెక్టయింది!

బండిని షెడ్డుకు తోసుకొచ్చిన. పొద్దుమీకి రావుగారు ఒచ్చిండ్రు. నేను పానా సదురుతున్నట్టు కింద కూసున్న. "మేడ మీంచి చూశాను బాబూ. ఇంత గొడవలో ఒక్క అద్దం కూడా పగల్లేదు, చాలా సంతోషం," అన్నరు. బానెట్ నిమురుకుంట, "అది ముందుకు కూడా వెళ్తుందా?"

సోమవారం ఉస్తాద్ ఒచ్చి డ్రమ్మును చూసిండు, బండిని చూసిండు, నన్ను చూసిండు. "నలభై ఏండ్ల సర్వీసుల గిసొంటి కమాల్ నేను గూడ చెయ్యలే బేటా," అని నా చేతికి స్పానర్ ఇచ్చిండు. ఇరుసు తిప్పి బిగిచ్చెదాంక చాయ్ ఇయ్యలే.

నిన్న ఆదివారం. చర్చి ఇడిసినంక సుగుణ సీదా నా దగ్గరికే ఒస్తున్నది. మూడేండ్ల సంది మనసుల రాసుకున్న మాట ఇయ్యాల చెప్పాలె అనుకున్న. ఆమె ఒకడుగు ముందుకేసింది. నేను ఒకడుగు ఎనకకేసిన. ఆమె ఇంకొకటి. నేను ఇంకొకటి.

"నువ్వు గూడ ఎనకకేనా నర్సిమ్మా?" అని పకపక నవ్వింది. గంతట్లనే నవ్వు ఆపి, "ఆగు, ఆగు!" అని చెయ్యి చాపింది.

నా ఎనక మురికినీళ్ల మోరీ ఉన్నదని ఆమెకు గప్పుడు కనబడ్డది. నాకు పడ్డంక తెలిసింది.