కోతుల నుంచి రాని పేలు

మా ఇంటికి ఎవరొచ్చినా చెప్పుకునే కథ ఒకటుంది. మా అమ్మాయి చిన్నప్పుడు, విదేశంలో మేముండే యీషున్‌లో మా బ్లాక్ వెనక ఒక కోతి దాని చేతిలోని బిస్కెట్ ప్యాకెట్ లాక్కుంటూ భుజమెక్కిందనీ, ఆ కోతి పేలే పిల్ల తలకెక్కాయనీ. కోతి భుజమెక్కిన మాట నిజం. పేల సంగతి నేను కల్పించింది.

అంతకుముందే మేం గుంటూరు దగ్గర మా అక్కవాళ్లింటికి వెళ్లొచ్చాం. అక్క పిల్లలూ మా పిల్లా ఒకే పరుపు మీద, ఒకే దిండు కోసం కొట్టుకుంటూ పడుకునేవాళ్లు. ఇక్కడికి తిరిగొచ్చాక అక్క నాకు ఫోన్ చేసింది.

"ఒరేయ్, మా వాళ్లకి పేలు పడ్డాయిరా. మీ దాని తల కూడా ఓసారి దువ్వి చూడమను."

సరేనన్నాను. ఇంట్లో చెప్పలేదు. అప్పటికే మా ఆవిడకీ అక్కకీ మాటలు అంతంతమాత్రం. ఆ ఇంట్లో వద్దు, హోటల్లో దిగుదామని తను అంటే నేనే వినలేదు. అందుకే ఒక ఆదివారం పాప జుట్టులో ఈపులు చూసి "ఇవెక్కడివండీ?" అని తను అడిగితే, నోటికొచ్చింది చెప్పాను.

"ఆ కోతి ఎక్కింది కదా."

కోతి పేలు మామూలు మందుకి చావవేమోనని మా ఆవిడ హడలిపోయింది. నడుం దాకా ఉన్న జుట్టును చెవుల పైకి కత్తిరించేశాం. పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తుంటే తల నిమిరాను తప్ప నోరు విప్పలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు అది ఆ వెనక దారిన నడవలేదు.

ఇప్పుడది యూనివర్సిటీలో జీవశాస్త్రం చదువుతూ క్లెమెంటిలో గది తీసుకుని ఉంటోంది. మొన్న ఫోన్ చేసింది.

"నాన్నా, సోమవారం క్లాసులో నా ప్రెజెంటేషన్. కోతులకీ మనకీ మధ్య ఏ జబ్బులు, ఏ పురుగులు అటూ ఇటూ పోతాయో చెప్పాలి. ఒక రకం మలేరియా దోమ కుడితే కోతి నుంచి మనకొస్తుంది, తెలుసా? పేలు మాత్రం అలా కాదట. చుట్టాలమే అయినా ఎవరి పేలు వాళ్లవే. కోతి పేను మన తలలో బతకదని బుక్‌లో ఉంది."

"అట్లాగా."

"మరి నాకొచ్చాయి కదా! బుక్కే రాంగ్. నా కేసుతోనే స్టార్ట్ చేస్తా."

పుస్తకం కంటే నా మాటనే ఎక్కువ నమ్మింది. క్లాసంతటి ముందు దాన్నే సాక్ష్యంగా పెట్టబోతోంది.

శనివారం పొద్దున పేపరు తెరిచి మూశాను. ఫ్యాన్ రెక్కలు తుడవబోయి సగంలో వదిలేశాను. బ్యాంకు పనుందని మా ఆవిడకి ఇంకో అబద్ధం చెప్పి రైలెక్కాను. సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోబుద్ధి కాలేదు. జురాంగ్ ఈస్ట్‌లో రైలు మారేచోట, వెనక్కి పోయే రైలు తలుపుల దాకా వెళ్లాను కూడా.

తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో, నేను వస్తున్నానంటే అమ్మాయి టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేసి, అంటే మాకని ఆపి ఉంచింది. కాఫీ రాకముందే మొత్తం చెప్పేశాను. అది ల్యాప్‌టాప్ మూసేసింది.

"అత్తకి తెలుసా?"

"పేల సంగతి నాకు చెప్పిందే తను. నేను కోతి మీదికి తోశానని తెలీదు."

"అమ్మకి?"

"తెలీదు."

స్ట్రాతో ఐసు ముక్కల్ని పొడిచింది. "నేను ఈ కథ ఎంతమందికి చెప్పానో తెలుసా నాన్నా? స్కూల్లో నన్ను మంకీ అనేవాళ్లు. అయినా చెప్పేదాన్ని."

"తప్పే, తల్లీ."

"స్లైడ్ తీయను. కింద రాస్తా, చెప్పినది నాన్న, నమ్మడానికి వీల్లేదు అని." నవ్వలేదు. "అమ్మకి నువ్వే చెప్పు. ఇవాళే."

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ వీడియో కాల్‌లో అక్కతో మాట్లాడుతోంది. వాళ్లిద్దరికీ ఈమధ్యే కాస్త కుదిరింది. గోంగూర ఉప్పు గురించి ఏదో వాదించుకుంటూ నవ్వుకుంటున్నారు. రేపు చెబుదాంలే అనిపించింది. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాను.

నన్ను చూసి మా ఆవిడ, "వదినా, ఉంటాను, ఈయన వచ్చారు" అంది.

"పెట్టేయకు," అన్నాను. "అక్క కూడా వినాలి."