సెగ్గడ్డ అన్న మాట వెనక

క్యాన్సర్ మెదడు పొరలకు కూడా పాకుతుందని మా వైపు చాలామంది విననైనా వినలేదు. నేను మైక్రోస్కోపులో కళ్లారా చూశాను. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

1960ల మొదట్లో నల్లగొండ వైపు ఒక దవాఖాన ల్యాబ్‌లో పనిచేసేవాణ్ని. బడి చదువు తక్కువే. మిగతాదంతా గ్రంథాలయంలో సంపాదించుకున్నదే. అక్కడికి ఎవరో ఇచ్చిపోయిన పాత పాథాలజీ పుస్తకాన్ని, అంటే రోగం ఒంట్లో తెచ్చే మార్పులు చెప్పే పుస్తకాన్ని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను.

కేతేపల్లి నుంచి భూలక్ష్మి అనే నేత ఇంటి కోడలిని తెచ్చారు. తలనొప్పి, వాంతులు. మెడ వంగడం లేదు. డాక్టర్ నరహరి గారు లంబార్ పంక్చర్ చేశారు. నడుములో సూది గుచ్చి వెన్నునీరు తీయడమన్నమాట. అందులో చక్కెర బాగా తగ్గింది. మెదడు పొరలకు క్షయ సోకినా అలాగే తగ్గుతుంది, అప్పట్లో ఎక్కువగా వచ్చేదీ అదే. ఆ మందే మొదలుపెట్టారు. అంటుతుందని అత్త ఈరమ్మ పసిపిల్లను తల్లి మంచం దగ్గరికి రానివ్వలేదు.

వెన్నునీటిని మైక్రోస్కోపు కింద పెట్టాను. క్షయలో ఉండే చిన్న కణాలు కావవి. పెద్దపెద్దవి, గుంపులు కట్టి ఉన్నాయి. పుస్తకంలోని బొమ్మ గుర్తొచ్చి డాక్టర్ గారిని పిలిచాను. ఆయన చాలాసేపు చూశారు.

"క్యాన్సర్ కణాల లెక్కనే ఉన్నయ్. మరి ఎక్కడిది?" అంటూ వార్డుకు నడిచారు. నేనూ వెంట వెళ్లాను.

"అవ్వా, కోడలికి ఇదివరకు గడ్డ ఏమన్న లేచిందా?"

"చెప్పిన గద సారు. రొమ్ము మీద సెగ్గడ్డ. పోయినేడు కోసిండ్రు."

మా వైపు ఏ గడ్డ లేచినా సెగ్గడ్డే. చేర్చిన రోజు ఆమె ఆ మాట చెబితే విన్నవాళ్లందరూ చీముగడ్డ అనుకున్నారు. ఈసారి నేనడిగాను. "సీము కారిందా అవ్వా?"

"సీమేడిది? రాయి లెక్క ఉండె. నొప్పి గూడ లేకుండె."

చీము, నొప్పి లేని రాయిలాంటి ఆ గడ్డ రొమ్ము క్యాన్సరే, అదే మెదడు పొరలకు పాకింది. డాక్టర్ గారు నా భుజం తట్టారు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు గర్వమే.

నయం చేసే మందు లేదని ఆయన మెల్లగా చెప్పారు. భూలక్ష్మి ఒక్కటే అడిగింది.

"గిది అంటుకుంటదా సారు?"

"అంటదమ్మా."

"ఇన్నవా అత్తా? నా పోరిని ఇయ్యి."

రోగం వల్ల ఆమెకు అన్నీ రెండుగా కనిపిస్తున్నాయి. పిల్లను ఒడిలో పెట్టగానే, "ఇద్దరొచ్చిండ్రే" అని నవ్వింది. ఈరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటికి తీసుకుపోయారు. చనిపోయేదాకా పిల్ల తల్లి పక్కనే పడుకుందని భూలక్ష్మి భర్త తర్వాత వచ్చి చెప్పాడు.

రోగం నయం కాకపోయినా దాని పేరు సరిగ్గా తెలియాలని ఆ కేసు నేర్పింది. క్షయ అనే ఉండిపోతే ఆ పిల్ల తల్లి ఒడి ఎక్కేది కాదు.

తన కళ్లతో చూసి నిర్ధారించిన డాక్టర్ నరహరి గారికి, వెన్నునీటిని ఆలస్యం చేయక నా చేతికిచ్చిన నర్సు మేరమ్మకు, పుస్తకాన్ని ఇంటికి ఇచ్చి పంపిన లైబ్రేరియన్ రహీం సాబ్‌కు, ఉన్నదున్నట్టు చెప్పిన ఈరమ్మకు నా కృతజ్ఞతలు. మేమెవరమూ తలవని ప్రశ్న అడిగిన భూలక్ష్మికి కూడా.