ఎదురుకాళ్ళ పిల్ల

మా చిన్నప్పుడు... అనకాపల్లిలో మా వీధిలో ఎవరికి నడుం పట్టేసినా డాక్టరు కంటే ముందు నన్ను పిలిచేవారు. నేను ఎదురుకాళ్ళతో పుట్టానట... అంటే తల కాకుండా కాళ్ళు ముందొచ్చాయట. అలా పుట్టినవాళ్ళు తొక్కితే పట్టేసిన నడుం వదిలేస్తుందని మావాళ్ళ నమ్మకం.

బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే మామలు కూడా వచ్చి మా అరుగు మీద బోర్లా పడుకునేవారు. నేను గోడ పట్టుకుని ఎక్కి దిగేదాన్ని. చేతిలో ఓ చాక్లెట్ పడేది. మూడో క్లాసుకే పెద్ద వైద్యురాలినన్న పొగరు నాకు!

అమ్మ ఇంట్లో బట్టలు కుట్టేది. చాప మీద బాసింపట్టు వేసుకుని, ముందు చేతిమిషన్ పెట్టుకుని, తల సూది మీదకి వంచేసేది. క్రిస్మస్ నెల వచ్చిందంటే మా చర్చి పిల్లల గౌన్లన్నీ అమ్మ దగ్గరికే. పొద్దున వంగిన మెడ దీపాలు పెట్టేవేళకి గానీ లేచేది కాదు. వెనకనుంచి చూస్తే వీపు కొడవలిలా ఉండేది.

ఓ సాయంత్రం కత్తెర అందుకోబోయి అమ్మ అలాగే ఆగిపోయింది. అటు లేవలేదు... ఇటు కూర్చోలేదు.

"ఇంట్లో ఎదురుకాళ్ళ పిల్లుండగా డాట్రెందుకు? రాయే... మీయమ్మ నడుం మీద కాలెట్టు," అంది నాయనమ్మ.

అమ్మని మెల్లగా బోర్లా పడుకోబెట్టారు. తొక్కాను... ఎప్పుడూ తొక్కినట్టే. లోపల ఎక్కడో టక్కుమంది. అమ్మ పెట్టిన కేక ఇప్పటికీ నా అరికాళ్ళలోనే ఉంది.

"ఒలమ్మో... నా ఎడంకాలు తెలవట్లేదే..."

నాన్న పరుగున వెళ్ళి ఆటో తెచ్చాడు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. దానికే ఎక్కువ భయం వేసింది. దారంతా అమ్మ పాదం ఒళ్ళో పెట్టుకుని గిల్లుతూనే ఉన్నాను.

"తెలుత్తందా అమ్మా?"

"నేదే..."

డాక్టరమ్మ అమ్మ కాలు ఎత్తి చూసింది, సుత్తితో తట్టి చూసింది. "ఇది ఇవాళ వచ్చింది కాదు. ఏళ్ళ తరబడి నేల మీద వంగి కుట్టడం వల్ల వచ్చింది. తగ్గాక మిషన్ బల్ల మీద పెట్టుకో. వీపు ఆనేలా కుర్చీలో కూర్చో, పాదాలు నేలకి ఆనాలి. గౌను గౌనుకీ లేచి నాలుగడుగులు వెయ్యి. పిల్లచేత మాత్రం ఇంకెప్పుడూ తొక్కించకండి. తిమ్మిరి పోకపోతే వైజాగ్‌లో ఆపరేషన్ చెయ్యాలి," అంది.

నాకు ఆ ఆఖరి మాట ఒక్కటే వినపడింది. అమ్మ ఇక నడవదు... నేనే తొక్కేశాను... అంతే.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే, నేను ఒక కన్ను తెరిచి దుప్పటి బయట అమ్మ కాలివేళ్ళనే చూసేదాన్ని. "యేసయ్యా... బొటనవేలు కదిపితే చాలు. ఇంకెవర్నీ తొక్కను." వేలు కదిలేది కాదు.

ఓ రోజు నాన్న ప్రార్థన మధ్యలో ఉండగా ఆ వేలు కాస్త వణికింది. "కదిలిందీ!" అని అరిచాను. నాన్న ఆమెన్ చెప్పడం కూడా మర్చిపోయాడు.

అమ్మ లేచి తిరగడం మొదలుపెట్టాక నేను చదువుకునే బల్ల మిషన్‌కి వెళ్ళిపోయింది, నా చదువు చాప మీదకి వచ్చింది. పక్కనే కూర్చుని కాపలా కాసేదాన్ని. వీపు కాస్త వంగితే చాలు, "అమ్మా... నడుం!"

"సూడు, తిన్నగానే ఉన్నాను. నీ పోరు పడలేకపోతన్నానే తల్లీ," అని నవ్వేది. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

అరుగు మీద ఎవరైనా బోర్లా పడుకుంటే మంచం కిందకి దూరిపోయేదాన్ని. నాయనమ్మ కూడా మళ్ళీ పిలవలేదు.

ఇప్పుడు మా వీధిలో ఆ అరుగులూ లేవు, ఎదురుకాళ్ళ పిల్లలూ లేరు... కడుపులో బిడ్డ అలా తిరిగి ఉంటే ముందే సిజేరియన్ చేసేస్తున్నారు. అమ్మ నిటారుగా నడుస్తోంది. కంప్యూటర్ ముందు వంగిపోయేది ఇప్పుడు నేను. వీడియో కాల్ ఎత్తగానే, "ముందు ఆ మెడెత్తే!" అంటుంది. నేను మెడెత్తి, "నువ్వోసారి వేళ్ళు కదుపు," అంటాను. నవ్వుతూ ఫోను కాళ్ళ వైపు తిప్పుతుంది. కదిలాకే నాకు మాటలొస్తాయి.

మీ వీధిలోనూ ఇలా నడుములు తొక్కిన పిల్ల ఎవరైనా ఉండేదా? ఉంటే చెప్పండి... అప్పుడు తనకి భయం వేసేదేమో ఒక్కసారి అడగండి.

నన్నెవరూ అడగలేదు.